చల్లని చీకటి చోట పడుకోబెట్టండి

తకమత్సు,
ఫిబ్రవరి 4

చినత్సూ,

ఫోను చేయవద్దన్నావు కాబట్టి కలం పట్టుకున్నాను. పోయిన ఆదివారం నువ్వు చెప్పింది ఇంకా నా చెవుల్లోనే ఉంది. "ఫోను మోగితే ఆఫీసేమోనని గుండె జారిపోతోంది అత్తయ్యా. తెర మీద నీ పేరు చూశాక కూడా గుండె వెంటనే వెనక్కి రావడం లేదు" అన్నావు. ముప్ఫై ఒక్క ఏళ్ళ పిల్ల మాట్లాడే మాటలేనా అవి? ఉత్తరం అయితే మోగదు. డబ్బాలో పడి ఉంటుంది. నీకు ఓపిక ఉన్నప్పుడే తీసుకో.

మీ నాన్నని అడిగితే "బాగానే ఉందిలే అక్కా" అన్నాడు. మా తమ్ముడికి అన్నీ బాగానే ఉంటాయి. చిన్నప్పుడు వాడు బావిలో పడితే పైనుంచి నేను కేకలు పెడుతున్నాను, కిందనుంచి వాడు "బాగానే ఉంది" అన్నాడు.

మా డిపోలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే బస్సు ఎక్కే ముందు డ్రైవర్లం కౌంటరు దగ్గర నిలబడాలి. ముందు గొట్టంలో ఊదాలి, తాగలేదని తేలడానికి. తరవాత ఒకుబో అని మా హాజరు గుమాస్తా, నా కొడుకు వయసువాడు, కళ్ళలోకి చూసి "నిన్న ఎన్ని గంటలు పడుకున్నారు?" అని అడుగుతాడు. తక్కువ చెబితే తాళం ఇవ్వడు. బతిమాలినా ఇవ్వడు. నలభై మంది ప్రాణాలు మోసే మనిషి నిద్ర సంగతి అడగడానికి ఒకడున్నాడు. మీ ఒసాకా ఆఫీసులో నిన్నెవరు అడుగుతున్నారు? ఎవరూ అడగకపోతే నేనే అడుగుతున్నాను. ఎన్ని గంటలు పడుకుంటున్నావు? నిజం రాయి.

మా ఊరి లావు నూడుల్స్, ఉడోన్, రెండు కట్టలు, ఎండు చేపలు పంపుతున్నాను. నిలబడి తినకు.

మీ అత్త,
మసుయో

*

ఒసాకా,
ఫిబ్రవరి 15

అత్తయ్యా,

ఉడోన్ అందింది. కూర్చునే తిన్నాను. తింటూ కాస్త ఒరిగానంతే.

నిజం రాయమన్నావుగా, రాస్తున్నాను. ఆరు గంటలు పడుకుంటున్నాను. లెక్క ఇదిగో. పరుపు మీద మూడున్నర. పొద్దున రైల్లో నలభై నిమిషాలు. పట్టీ పట్టుకుని నిలబడి నిద్రపోవడం నాకు బాగా వచ్చేసింది, మోకాళ్ళు మడవకుండా, మా స్టేషను రాగానే నా అంతట నేనే దిగిపోతాను. సాయంత్రం రైల్లో ఇంకో నలభై. మధ్యాహ్నం మేడమెట్ల దగ్గర పావుగంట. మిగిలింది సమావేశాల్లో. సమావేశాల్లో పడుకుంటే మా దగ్గర తప్పు పట్టరు. అంత కష్టపడ్డాడు కాబోలు పాపం అనుకుంటారు. చేతులు కట్టుకుని, గడ్డం కిందికి దించి, ఎవరైనా గొంతు పెంచినప్పుడు ఒకసారి తల ఊపితే చాలు.

మేం మిఠాయి పెట్టెలకీ పొట్లాలకీ బొమ్మలు వేసి, వాటిమీద మాటలు రాసి, అచ్చు వేయించి ఇస్తామని నీకు తెలుసుగా. ఇప్పుడు హిమేజీలోని ఒకిత్సు అనే పాత మిఠాయి దుకాణానికి వసంతకాలం పెట్టె చేస్తున్నాం. లోపల చిక్కుడు పూర్ణం పెట్టిన బిళ్ళలు. చెర్రీ పూలు వేశాను. నిజంగా బాగా వచ్చింది. మా సెక్షను పెద్ద బెప్పు గారు చూసి "నిద్రపోయేవాళ్ళు ఇలాంటిది చేయలేరు!" అన్నారు. పొగిడారనుకుంటాను.

నా గురించి బెంగ పెట్టుకోకు. ఆరు గంటలంటే తక్కువా?

నీ మేనకోడలు,
చినత్సు

*

తకమత్సు,
ఫిబ్రవరి 22

చినత్సూ,

నీ లెక్క మా డిపోలో చదివి వినిపించాను. డ్రైవర్లందరూ కడుపు పట్టుకుని నవ్వారు. ఒకుబో మాత్రం నవ్వలేదు. "ఈ అమ్మాయికి నేను సైకిలు తాళం కూడా ఇవ్వను" అన్నాడు.

ముక్కలు ముక్కలుగా చింపిన కాగితాన్ని పక్కపక్కన పేర్చి ఇదిగో కాగితం అంటే ఎవరైనా ఒప్పుకుంటారా? గంటకి ఎనభై కిలోమీటర్ల మీద పోతున్న బస్సులో డ్రైవరు మూడు సెకన్లు కన్ను మూస్తే బండి అరవై ఏడు మీటర్లు దానంతట అది పోతుంది. శిక్షణలో మాచేత ఆ దూరం నడిపించారు. కళ్ళు మూసుకుని నడవమన్నారు. నేను పది అడుగులకే ఆగిపోయాను. నువ్వు బస్సు నడపడం లేదు, నిజమే. కానీ నీలోపల కూర్చున్నది ఎవరు? నువ్వే కదా ప్రయాణికురాలివి కూడా.

నన్ను చూసి నేర్చుకో. పది కొట్టగానే తల దిండు మీద పెడతానా, కన్ను తెరిస్తే ఐదు. పక్కింటి నకానిషి అమ్మ పొద్దుపోయాక గోడకి ఏవో మేకులు కొడుతుందట, వాళ్ళాయన ఎప్పుడో నసుగుతూ అడిగాడు, మీకు చప్పుడు వినిపించడం లేదా అని. నాకేం వినిపిస్తుంది? రాయిలా పడుకుంటాను. లేచాక కాసేపు తల దిమ్ముగా ఉంటుంది, అంతే, కాఫీ పడితే పోతుంది. నిద్రంటే అలా ఉండాలి.

మీ అత్త,
మసుయో

*

ఒసాకా,
మార్చి 9

అత్తయ్యా,

నా కొంప మునిగింది. ఎలా రాయాలో తెలీడం లేదు. రాస్తుంటే నవ్వొస్తోంది, ఆ నవ్వు చూస్తే నాకే భయంగా ఉంది.

ఒకిత్సు వారి పెట్టె అచ్చయిపోయింది. ఇరవై వేలు. దుకాణానికి వెళ్ళిపోయాయి. నిన్న పొద్దున హిమేజీ నుంచి ఫోను. ఎత్తింది బెప్పు గారు. ఆయన మొహం ముందు తెల్లబడింది, తరవాత ఎర్రబడింది, తరవాత ఏ రంగూ లేకుండా పోయింది.

పెట్టె వెనక అడుగున సన్న అక్షరాలతో ఒక మాట ఉంటుంది. ఎండ తగలని చల్లని చోట ఉంచండి, తెరిచాక త్వరగా తినండి, అని. ప్రతి పెట్టె మీదా ఉండేదే. నేను ఆ మాట రాసింది పద్దెనిమిదో రోజు. వరసగా అన్నమాట, సెలవు లేకుండా. నేనేం రాశానో తెలుసా?

"నన్ను చల్లని చీకటి చోట పడుకోబెట్టండి. దయచేసి లేపకండి."

ఇరవై వేల పెట్టెల మీద!

రాసిన గుర్తు కూడా లేదు. నేను రాశాక ముగ్గురు చదివి ముద్ర వేశారు. బెప్పు గారి ముద్ర కూడా ఉంది. ముగ్గురిలో ఒక్కరికీ తప్పు కనబడలేదు. బహుశా ముగ్గురికీ అది సబబుగానే అనిపించి ఉంటుంది.

ఎల్లుండి బెప్పు గారూ నేనూ హిమేజీ వెళ్ళి క్షమాపణ చెప్పాలి. ఒకిత్సు గారు చండశాసనుడని చెబుతున్నారు. అక్కడినుంచి తిరిగొచ్చాక ఈ ఉత్తరం పూర్తి చేస్తాను.

మార్చి 11, రైల్లో

అత్తయ్యా, వెళ్ళొచ్చాం. ఏం జరిగిందో నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. చాపల గదిలో ఒకిత్సు గారు ఎదురుగా కూర్చున్నారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించి వంగాను. ఆ క్షణంలో నాకేమైందో తెలీదు. ఒళ్ళంతా తేలికైపోయింది. ఇన్నాళ్ళుగా వెతుకుతున్నది దొరికినట్టు, ఆయన ముందే, అలా, ఒక్కసారిగా పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి ఆయన కోటు నా మీద కప్పి ఉంది. ఆయన నన్ను చూస్తూ చాలా మెల్లగా, అత్తయ్యా, చాలా మెల్లగా ఏమన్నారంటే

*

తకమత్సు,
మార్చి 14

ఒసే చినత్సూ!

ఏమన్నారంటే? ఏమన్నాడే ఆయన? అక్కడ ఆపి కవరు అంటిస్తావా? చివరి అక్షరం నుంచి కలం గీత కాగితం అంచుదాకా జారిపోయింది, సిగ్గుతో చెయ్యి వణికిందా?

రెండు రోజులుగా నాకు వేరే ధ్యాస లేదు. ఎర్ర దీపం దగ్గర బస్సు ఆపుకుని నాలో నేనే నవ్వుకుంటున్నానని ప్రయాణికులు ఫిర్యాదు చేశారట. ఒక్క చూపులో పడిపోవడం మన ఇంట్లో నీకే మొదలు. కోటు కప్పాడంటే మనిషి మర్యాదస్తుడే. కానీ వివరాలు కావాలి. వయసెంత? దుకాణం ఆయనదేనా, వాళ్ళ నాన్నదా? ఇదివరకు పెళ్ళయిందా? పొగ తాగుతాడా? చండశాసనుడని నువ్వే రాశావు, అదొక్కటీ నాకు నచ్చలేదు.

ఇరవై ఒకటిన నాకు హిమేజీ కోట చూపించే యాత్ర బస్సు పడింది. జనం కోట ఎక్కి దిగడానికి రెండు గంటలు పడుతుంది. ఈలోగా ఆ దుకాణానికి వెళ్ళి మనిషిని ఒకసారి చూసి వస్తాను. నువ్వు కంగారు పడకు, హుందాగానే ఉంటాను. యూనిఫాంలో వెళతాను.

సంతోషంతో,
మీ అత్త

*

ఒసాకా,
మార్చి 20

అత్తయ్యా, వద్దు, వద్దు, వద్దు!

ఆయనకి డెబ్బై ఆరేళ్ళు! భార్య ఉంది, మనవళ్ళున్నారు! పడిపోయానంటే నిద్రలో పడిపోయానని! ఉత్తరం రాస్తూ రైల్లో కూడా పడిపోయాను, అందుకే వాక్యం అక్కడ తెగింది. జవాబు రాయడానికి నువ్వు పంపిన స్టాంపు కవరు చేతిలో ఉంటే, అందులో పెట్టి అలాగే ఉత్తరాల డబ్బాలో పడేశాను.

అసలు జరిగింది ఇది. నుదురు చాపకి ఆనిందో లేదో, నాకు లోకం లేదు. నాలుగు నిమిషాలు అలాగే ఉన్నానట. ఎవరూ అంతసేపు వంగరు. ఒకిత్సు గారు ముందు గుడ్లురిమి చూస్తూ కూర్చున్నారట. రెండు నిమిషాలయ్యాక కదిలిపోయి "చాల్లే తల్లీ, లే, తప్పు మనుషులే చేస్తారు" అన్నారట. నేను లేవలేదు. పక్కన బెప్పు గారు ఏడవడం మొదలుపెట్టారట. దాంతో ముసలాయన కళ్ళు కూడా చెమర్చాయట. యాభై ఏళ్ళ వ్యాపారంలో ఇంత మనస్ఫూర్తిగా క్షమాపణ అడిగినవాళ్ళని చూడలేదన్నారట. సరిగ్గా అప్పుడు నేను గురక పెట్టాను.

బెప్పు గారు నన్ను కుదపబోతే ముసలాయన చెయ్యి అడ్డం పెట్టి "పెట్టె మీద ఏం రాసి ఉందో చదవలేదా? లేపకండి అని ఉంది" అన్నారట. రెండు గంటలు ఎవరినీ గదిలోకి రానివ్వలేదు. నేను లేచాక మెల్లగా అన్న మాట ఇది: "అమ్మాయ్, నేను పిండి రుబ్బే యంత్రాన్ని కూడా ఇంతసేపు నడపను."

వాళ్ళ ఊళ్ళోనే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళారు. రక్తపోటు నూట అరవై రెండు. నెల రోజులు సెలవు పెట్టకపోతే నేనే మీ ఆఫీసుకి వస్తానన్నారు డాక్టరు ఉసామి గారు. "నూనె అయిపోతే పోసుకోవచ్చు. నీకు వత్తే అయిపోవస్తోంది" అన్నారు.

ఈ ఉత్తరం నీకు రేపు పొద్దున్నే చేరాలని దేవుడికి మొక్కుతున్నాను. వెళ్ళకు!

చినత్సు

*

తకమత్సు,
మార్చి 22

చినత్సూ,

నీ ఉత్తరం నేను తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఉంది. అప్పటికి అంతా అయిపోయింది. కూర్చుని చదువు.

దుకాణంలో అడుగుపెట్టగానే బల్ల వెనక ఓ ముసలాయన కనబడ్డాడు. వాళ్ళ నాన్న కాబోలనుకుని వంగి నమస్కారం పెట్టాను. "మా అమ్మాయి విషయం మాట్లాడాలని వచ్చాను" అన్నాను.

"ఏ అమ్మాయి?"

"ఆ రోజు మీ ఇంట్లో పడిపోయిన అమ్మాయి. నేను మేనత్తని."

"ఓ, ఆ పిల్లా!" అని మొహం వికసించింది. "మా ఇంట్లో రోజూ ఆవిడ మాటే."

అక్కడిదాకా బాగానే ఉంది. నేను గొంతు సవరించుకుని "మరి మీవాళ్ళ ఉద్దేశం ఏమిటో తెలుసుకుందామని" అన్నాను.

"ఉద్దేశానికేముంది? ఆ పిల్ల నెల రోజులు పడుకోవాలి."

నా చెవులు గింగురుమన్నాయి. "ఎక్కడ?" అన్నాను.

"ఎక్కడైతేనేం. ఇక్కడైనా సరే. మా మేడ మీద గది ఖాళీగానే ఉంది. నేనే దుప్పటి కప్పి తలుపు వేస్తాను."

"ఎవరు, మీరా?"

"నేనే. మొన్న కోటు కప్పింది కూడా నేనేగా!"

చినత్సూ, నేను టోపీ తీసి ఆ బల్ల మీద కొట్టాను. బిళ్ళల పళ్ళెం ఎగిరింది. "ఈ వయసులో బుద్ధి ఉండాలయ్యా" అన్నాను. ఆయన పళ్ళాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. లోపల్నుంచి భార్య వచ్చి "ఎవరండీ?" అంటే "ఎవరో డ్రైవరమ్మ, మేడ మీద గది ఇస్తానంటే కొడుతోంది" అన్నాడు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, జరిగిందంతా మొదట్నుంచి చెప్పింది. చెప్పేసరికి నాకు భూమిలోకి దిగిపోదామనిపించింది. ఆ తరవాత ముగ్గురం నవ్విన నవ్వుకి వీధిలోవాళ్ళు తొంగిచూశారు.

పెట్టెలు మార్చడం లేదట. ఆ మాట మీద కాగితం అతుకులు అంటిద్దామనుకున్నారు గానీ, కొన్నవాళ్ళెవరూ తిట్టలేదు. ఒకావిడ పెట్టెని పరుపు మీద పెట్టి దుప్పటి కప్పి ఫోటో పంపింది.

టీ తాగాక వాళ్ళ బెంచీ మీద నాకూ చిన్న కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి మా బస్సు జనం ముప్ఫై ఎనిమిది మందీ అద్దం బయట వరసగా నిలబడి నన్ను చూస్తున్నారు. ఏదోలే, ఎండ వేడి.

నువ్వు సెలవు పెట్టు. పెట్టి పడుకో.

మీ అత్త

*

ఒసాకా,
ఏప్రిల్ 2

అత్తయ్యా,

సెలవు పెట్టాను. మొదటి మూడు రోజులూ మెలకువగా ఎప్పుడున్నానో గుర్తులేదు. నాలుగో రోజు మధ్యాహ్నం లేచి కిటికీ తెరిస్తే ఎదురింటి డాబా మీద ఎవరో తువ్వాళ్ళు ఆరేస్తున్నారు. పచ్చవి. ఆ పచ్చ రంగు ఎంత పచ్చగా ఉందంటే నేను నిలబడి గట్టిగా నవ్వాను. బొమ్మలు వేసి బతికే మనిషిని, ఏడాదిగా రంగు చూడలేదు. తినే అన్నానికి రుచి వచ్చింది. అద్దంలో మొహం మనిషి మొహంలా ఉంది.

భయం కూడా ఉంది. నేను లేకుండా ఆఫీసు నడిచిపోతే? నడవకపోయినా భయమే. బెప్పు గారు ఒక్కసారే ఫోను చేశారు, "ఆ కత్తెర ఎక్కడ పెట్టావు?" అని. చెప్పాను. ఆయన ఫోను పెట్టేయలేదు. తరవాత "ఎలా ఉంటుంది?" అన్నారు. ఏమిటండీ అంటే, "నిద్ర" అన్నారు.

ఇప్పుడు అసలు మాట. ఉసామి గారు నన్ను ఒసాకాలో నిద్ర జబ్బులు చూసే ఆసుపత్రికి పంపారు. అక్కడ గోడ మీద ఒక కాగితం ఉంది. గట్టి గురక. మధ్యలో ఊపిరి ఆగి మళ్ళీ అందుకోవడం. లేచాక తల దిమ్ము. పగలు కూర్చున్నచోటే కునుకు. ఎన్ని గంటలు పడుకున్నా పడుకున్నట్టు కాదట, ఎందుకంటే ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు లేచి కూర్చుంటుందట, మనిషికి తెలీకుండానే.

నేను ఆ కాగితాన్ని అక్కడే నిలబడి రెండుసార్లు చదివాను. నా గురించి కాదు. అత్తయ్యా, నకానిషి అమ్మ మేకులు కొట్టడం లేదు. నీ గురక భరించలేక గోడ కొడుతోంది.

హిమేజీ బెంచీ మీద కునుకు ఎండ వల్ల కాదు. నువ్వొకసారి చూపించుకో. బస్సు ఎక్కేముందే.

నీ చినత్సు

*

తకమత్సు,
ఏప్రిల్ 6

శ్రీమతి చినత్సు గారికి,

మీ ఉత్తరం అందింది. నేను ముప్ఫై ఒక్క ఏళ్ళుగా బస్సు నడుపుతున్నాను. మా డిపోలో మొదటి ఆడ డ్రైవర్ని. బండి మీద ఒక్క గీత పడలేదు. ఆడది నడిపితే ఎక్కం అని దిగిపోయినవాళ్ళని చూశాను, వాళ్ళే మళ్ళీ నా బస్సు కోసం నిలబడటమూ చూశాను. మిఠాయి పెట్టె మీద ఒక వాక్యం సరిగ్గా రాయలేనివాళ్ళ దగ్గర నేను నిద్రపోవడం నేర్చుకోవాల్సిన పని లేదు.

ఇట్లు,
హమడా మసుయో

*

ఒసాకా,
ఏప్రిల్ 10

అత్తయ్యా,

పెట్టె మాట నిజమే, పడతాను. శ్రీమతి మాట మాత్రం అబద్ధం, నాకింకా పెళ్ళి కాలేదు.

నా మాట వినొద్దు. నకానిషి అమ్మని అడుగు. అదొక్కటి చెయ్యి. ఒక్క ప్రశ్న.

చినత్సు

*

తకమత్సు,
ఏప్రిల్ 29

చినత్సూ తల్లీ,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. రాయడానికి మొహం లేక.

అడిగాను. మిసో చారుకి ఉల్లికాడలు అప్పడిగే నెపంతో వెళ్ళి, గుమ్మంలో నిలబడి అడిగాను. ఆవిడ నన్ను చూసి, వాళ్ళాయన్ని చూసి, చెప్పుల వైపు చూసింది. చివరికి చెప్పింది. నాలుగేళ్ళలో రెండుసార్లు పరుపు గది మార్చుకున్నారట. "గురకకి అలవాటు పడ్డామమ్మా" అంది. "మధ్యలో ఆగిపోతుంది చూడండి, అదే భయం. మళ్ళీ మొదలవదేమోనని గోడ కొడతాను. మీరు అందుకున్నాక పడుకుంటాను." నాలుగేళ్ళుగా ఆ మహాతల్లి నన్ను బతికించుకుంటోంది, నేనేమో మేకులు కొడుతోందని నలుగురికీ చెప్పుకున్నాను.

ఇంకోటి చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పోయిన నవంబరులో సెతో వంతెన మీద వస్తున్నాను. బస్సు నిండా జనం, ఏవో పాటలు పాడుకుంటున్నారు. పట్టపగలు. ఉన్నట్టుండి చూస్తే ఎదురుగా అవతలి ఒడ్డు. మధ్యలో యోషిమా దీవి ఎప్పుడు దాటానో తెలీదు. చేతులు చక్రం మీదే ఉన్నాయి. జనం పాట అదే పాడుతున్నారు. కింద సముద్రం. దిగాక ఓ పాప నాకు నారింజ పండు ఇచ్చి థాంక్స్ చెప్పింది. ఆ పండు తినలేకపోయాను. ఆ తరవాత రోజూ ఒకుబో అడిగినప్పుడు "ఏడు గంటలు" అని గట్టిగా చెబుతూ వచ్చాను. గంటలు నిజమే. అడగాల్సింది గంటలొకటే కాదని నాకు తెలుసు, అతనికి తెలీదు. నీమీద అంత కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైందిగా.

పదహారో తారీకు పొద్దున ఒకుబో తాళం చాపితే, తీసుకోకుండా అంతా చెప్పేశాను. వరసలో వెనక తొమ్మిది మంది ఉన్నారు. అందరూ విన్నారు. నేను వెళ్ళి వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆసుపత్రిలో ఒళ్ళంతా తీగలు తగిలించి పడుకోబెట్టి చూశారు. గంటకి నలభై ఒక్కసార్లు ఊపిరి ఆగుతోందట. పడుకునేటప్పుడు ముక్కులోకి గాలి ఊదే యంత్రం ఒకటి ఇస్తారట.

బస్సు నుంచి దింపారు. తగ్గితే మళ్ళీ ఎక్కవచ్చట. అంతవరకు జనం మరిచిపోయిన వస్తువుల గదిలో కూర్చోబెట్టారు. నూట ఆరు గొడుగులూ, ఒక కట్టుడు పళ్ళ సెట్టూ, నేనూ.

నవ్వు. నువ్వు నవ్వితేనే నేనూ నవ్వగలను.

అత్త

*

ఒసాకా,
మే 12

అత్తయ్యా,

నవ్వాను. ముందు గంటసేపు ఏడ్చాను, తరవాత పళ్ళ సెట్టు దగ్గర నవ్వాను. తొమ్మిది మంది ముందు తాళం వద్దన్నావే, నేనైతే దానికంటే ఇరవై వేల పెట్టెలు వెనక్కి తెప్పించడం సులువనుకుంటాను.

ఆఫీసులో చేరాను. చేరిన రోజు బెప్పు గారు నన్ను మేడమెట్ల దగ్గరకి పిలిచి తలుపు వేశారు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఆయన నేల చూస్తూ అన్నారు: "ఆ రోజు నేను ఏడ్చింది పశ్చాత్తాపంతో కాదు. నువ్వు నిద్రపోతున్నావని నాకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. కుళ్ళుతో ఏడ్చాను."

పదకొండేళ్ళుగా ఆయన మరుగుదొడ్డిలో తలుపు గడియ పెట్టుకుని పడుకుంటున్నారట. నేను "మూడో తలుపా?" అన్నాను. "నీకెలా తెలుసు?" అన్నారు. అందరికీ తెలుసు. ఎవరూ ఆ తలుపు తట్టరు.

ఏదో అద్భుతం జరిగిపోయిందనుకోకు. ఏడింటికి దీపాలు ఆర్పాలని బెప్పు గారు పట్టుబట్టి సాధించారు, పెద్ద డైరెక్టరు వచ్చి మళ్ళీ వేశాడు, ఆయన వెళ్ళగానే బెప్పు గారు మళ్ళీ ఆర్పారు. పోయిన వారమంతా ఆరుతూ వెలుగుతూ ఉంటే ఎదుటి భవనంవాళ్ళు ఏదైనా ప్రమాదమా అని ఫోను చేశారు. ఇద్దరు సహోద్యోగులు నాతో మాట్లాడటం మానేశారు, నా పని వాళ్ళ మీద పడిందని. వాళ్ళది తప్పని అనలేను. కానీ ఇదివరకు నేను ఒక పెట్టె దిద్దుకోవడానికి పదకొండుసార్లు తిరగరాసేదాన్ని. ఇప్పుడు రెండోసారికి అయిపోతోంది. ఏడింటికి లేచి వెళ్ళిపోతున్నాను. మొదటి రోజు లిఫ్టులో నా గుండె దొంగతనం చేసినట్టు కొట్టుకుంది. ఇప్పుడు వెళ్ళేముందు అందరికీ గట్టిగా వినబడేలా చెప్పి మరీ వెళుతున్నాను.

నీ యంత్రం వచ్చిందా? రాయి. లేదంటే ఫోను చెయ్యి. ఫోను మోగితే ఎత్తుతాను.

చినత్సు

*

తకమత్సు,
జూన్ 3

చినత్సూ,

ఫోను చేయగలను, చేయను. ఇది రాయాల్సిన సంగతి.

యంత్రం వచ్చింది. ముక్కుకి తొడుగు, తొడుగుకి గొట్టం, గొట్టానికి పెట్టె. అద్దంలో చూసుకుంటే ఏనుగు స్నానానికి బయల్దేరినట్టుంది. నకానిషి అమ్మని పిలిచి చూపించాను. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మా నడవలోనే కూలబడి నవ్వింది.

మొదటి రెండు రోజులూ పీకేశాను. మూడో రోజు ఉంచుకున్నాను. పొద్దున లేచేసరికి తల మీద బరువు లేదు. ఎక్కడో పెట్టి మరిచిపోయినట్టు దానికోసం కాసేపు వెతుక్కున్నాను. కాఫీ తాగకుండా వీధిలోకి వెళ్ళాను. ఉడోన్ కొట్టు అప్పుడే తెరిచారు. రెండు గిన్నెలు తిన్నాను. మూడోది అడిగితే కొట్టువాడు "అమ్మా, మీకేమైనా లాటరీ తగిలిందా?" అన్నాడు. తగిలిందన్నాను.

మళ్ళీ పరీక్షలు చేశారు. గంటకి మూడు. పోయిన గురువారం బస్సు ఇచ్చారు. కొండల అవతలి కొచ్చి ఊళ్ళో సంతకి పొద్దుటి బండి, పెద్దవాళ్ళ సంఘం, నలభై ఒక్క మంది. ఎక్కినప్పుడు ఒకటే గోల. కొండదారి మొదలయ్యేసరికి ఒక్కొక్కరే వాలిపోయారు. చివరికి మైకు పట్టుకున్న గైడు పిల్ల కూడా "కుడి పక్కన చూడండి" అని కుడి పక్కకే ఒరిగి నిద్రపోయింది. అంత పెద్ద బస్సులో నేనొక్కదాన్నే మేలుకుని ఉన్నాను. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. పెదవులు బిగబట్టుకుని నవ్వుకుంటూ నడిపాను.

కొచ్చిలో దిగేటప్పుడు ఓ ముసలాయన నా దగ్గర ఆగాడు. కళ్ళు నులుముకుంటూ "డ్రైవరమ్మా, దారంతా నిద్రపోయాను. కొండలు చూద్దామనే వచ్చాను. అంతా దండగైపోయింది" అని మొహం వేలాడేశాడు.

"కూర్చోండి, నేను చూశానుగా" అన్నాను.

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను. రెండో సొరంగం దాటగానే ఎడమ పక్క జలపాతం ఉంది, సన్నగా, ఎవరో పైనుంచి బియ్యం పోస్తున్నట్టు. దాని కింద ఒకావిడ రాయి మీద కూర్చుని బూట్లు విప్పుతోంది. తరవాత చెక్కతో కట్టిన బడి, దాని కప్పు మీద ఎర్ర బంతి ఇరుక్కుని ఉంది. ఆ పైన వంపులో కోతి, రోడ్డు పక్క కమ్మీ మీద, ఒళ్ళో పిల్లని పెట్టుకుని మన బస్సు వైపు అచ్చంగా మా హెడ్డాఫీసు మేనేజరులా చూసింది.

"నిజంగా కోతేనా?" అన్నాడు ఆయన.

"నిజంగా. పిల్లకి ఒక చెవి కాస్త చిన్నది."

సంతకి వెళ్ళినవాళ్ళు ఇద్దరు వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఇంకో నలుగురు వచ్చారు. "మళ్ళీ మొదట్నుంచి చెప్పమ్మా" అన్నారు. చెప్పాను.

మీ అత్త,
మసుయో